జార్జెట్ హేయర్‌ని తెలుగు చేయాలంటే: నోట్‌బుక్కులు, లెక్కలు, చిక్కులు

#1 చదువరి_గుంటూరు

ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ రీజెన్సీ నవల ఒకటి తెలుగులోకి తేవడం గురించి మాట్లాడుకుందామని ఈ థ్రెడ్. ఆవిడ అంత వివరం ఎక్కణ్ణుంచి తెచ్చేది, పని ఎలా చేసేది? ఏ నవల మనవాళ్లకి నప్పుతుంది? అనువాదంలో ఎక్కడ బోల్తా పడతాం? ఇంకో మాట, ఆవిడ మొదటి నవల "ద బ్లాక్ మాత్" నెట్‌లో ఉచితంగానే ఉంది. దాంతో మొదలుపెడితే హక్కుల గొడవ ఉండదు కదా?

#2 పాత_అట్ట

చివరి ప్రశ్నకే ముందు జవాబు, మునిగేది అక్కడే కాబట్టి. ఉచితం అన్నది అమెరికా చట్టం ప్రకారం. 1921లో అచ్చయిన పుస్తకం, అక్కడ హక్కు తీరిపోయింది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. హేయర్ పోయింది 1974 జూలై 4న. 1975 జనవరి నుంచి లెక్కపెట్టుకోండి, 2034 డిసెంబరు ఆఖరు దాకా ఆవిడ బతికుండగా అచ్చువేసిన ప్రతి పుస్తకానికీ ఇక్కడ హక్కుంది. బ్రిటన్‌లో 70 ఏళ్లు, అంటే 2044 ఆఖరు. ఫైలు దొరికినంత మాత్రాన అనువదించి అమ్ముకోవచ్చని కాదు.

అనుమతికి రాసేటప్పుడు ఏ భాష, ఏ దేశాల్లో అమ్మకం, అచ్చా ఈ-బుక్కా, మొదటి ముద్రణ ఎన్ని ప్రతులు, ఎన్నేళ్లకి, ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే ఉండాలి. "మీ రచనలంటే మాకు ప్రాణం" అని రెండు పేజీలు రాసి అసలు సంగతి వదిలేస్తే ఉపయోగం లేదు.

అన్నట్టు "బ్లాక్ మాత్" రీజెన్సీ కథే కాదు. 1750ల నాటిది. పౌడరు విగ్గులు, కత్తి యుద్ధాలు.

#3 సిరాబుడ్డి

రీజెన్సీ అంటే ఏమిటో ఒక్క ముక్క. మూడో జార్జి రాజుకి మతి చలించడంతో కొడుకు రీజెంట్‌గా రాజ్యం చూసిన కాలం, 1811 ఫిబ్రవరి 5 నుంచి 1820 జనవరి 29 వరకు. తొమ్మిదేళ్లు నిండలేదు. నవలాకారులు దాన్ని అటూ ఇటూ లాగి పాతికేళ్లు చేశారు గానీ హేయర్ మట్టుకు ఏ కథ ఏ ఏడాదిలో నడుస్తోందో తెలిసి రాసింది. ఆవిడ మొదటి రీజెన్సీ నవల "రీజెన్సీ బక్", 1935. అప్పటికి రాయడం మొదలెట్టి పదిహేనేళ్లు.

#4 మూడో_ముద్రణ

జీవితం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, పని పద్ధతి అందులోంచే వచ్చింది కాబట్టి.

1902 ఆగస్టు 16న లండన్ దగ్గర వింబుల్డన్‌లో పుట్టింది. ముగ్గురిలో పెద్దది. తమ్ముడు బోరిస్‌కి రక్తం గడ్డకట్టని జబ్బు. వాడు హేస్టింగ్స్‌లో కోలుకుంటున్నప్పుడు కాలక్షేపానికి అల్లిన కథే "బ్లాక్ మాత్". తండ్రి ప్రోత్సాహంతో అచ్చుకి వెళ్లేసరికి ఆవిడకి పంతొమ్మిదేళ్లు. 1925లో తండ్రి గుండెపోటుతో పోయాడు. ఆ ఆగస్టులోనే గనుల ఇంజనీరు రోనాల్డ్ రూజియేతో పెళ్లి. తమ్ముళ్లిద్దరి బరువూ చాలావరకు ఆవిడ మీదే పడింది.

భర్త ఉద్యోగం కోసం ఆఫ్రికాలోని టాంగన్యికాకి వెళ్లి ఏనుగు గడ్డితో కట్టిన గుడిసెలో ఉంటూ "ద మాస్కరేడర్స్" (1928) రాసింది. పక్కన సంప్రదించడానికి గ్రంథాలయం లేదు. 1745 తిరుగుబాటు తరవాతి లండన్ కథ అంతా గుర్తున్న చదువు మీదే నడిపింది. అందులో పట్టుబడిన కాలదోషం ఒక్కటే అంటారు, లండన్ దొరల వైట్స్ క్లబ్బుని ఒక ఏడాది ముందే తెరిపించేసింది. అక్కణ్ణుంచి మాసిడోనియా. అక్కడ పన్ను పీకించుకోడానికి ఇచ్చిన మత్తుమందు వికటించి ప్రాణం మీదికి వచ్చింది. 1929కి ఇంగ్లండు తిరిగొచ్చేశారు.

తరవాత రోనాల్డ్ హార్షమ్‌లో క్రీడా సామాను దుకాణం నడిపాడు, లా చదివాడు, 1939లో బారిస్టరయ్యాడు. 1932లో కొడుకు రిచర్డ్ పుట్టాడు. ఇల్లు గడవడానికి ఆధారం చాలాకాలం ఆవిడ కలమే. అందుకే కొన్నేళ్లు ఏటా ఒక చారిత్రక నవల, ఒక డిటెక్టివ్ నవల చొప్పున వదిలింది. డిటెక్టివ్ కథల్లో హత్య ఎలా జరగాలో రోనాల్డ్ చెప్పేవాడు, మనుషుల్నీ మాటల్నీ ఈవిడ చూసుకునేది. 1942 నుంచి 1966 దాకా పికడిల్లీలోని ఆల్బనీలో కాపురం. రీజెన్సీ నాటి బ్రహ్మచారి బాబుల గదులున్న భవనం అది. ఆవిడ నాయకులు కిటికీలోంచి చూసిన వీధులే ఈవిడా చూసేదన్నమాట.

#5 పాత_అట్ట

ఒకటి కలుపుతా. "దీస్ ఓల్డ్ షేడ్స్" వచ్చింది 1926లో, ఇంగ్లండంతా సమ్మెలతో అట్టుడికిన ఏడాది. చెప్పుకోదగ్గ ప్రచారం లేదు, అయినా బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. దాంతో ప్రచారం అక్కర్లేదని తేల్చుకుంది. బతికినంత కాలం ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వలేదు. 1923 నుంచి 1930 మధ్య రాసిన నాలుగు సమకాలీన నవలల్ని మళ్లీ అచ్చు వేయనివ్వలేదు కూడా. మన పాత రచయితల్లో మొదటి పుస్తకాల్ని దాచిపెట్టుకున్నవాళ్లు గుర్తొస్తారు.

#6 అనువాదకురాలు

నోట్‌బుక్కుల గురించి ఎవరూ చెప్పలేదేం? అసలు పనిముట్టు అవే.

విషయం వారీగా పెట్టుకునేది. దుస్తులు, టోపీలు, రంగులు, ఇంటి సామాను, ధరలు, దుకాణాలు, అలంకరణ, అలా. పాత ఫ్యాషన్ పత్రికల బొమ్మల్ని చూసి తన చేత్తో గీసుకునేది. బండ్ల బొమ్మలు, సైన్యం యూనిఫారాలు, ఫలానా ఏడాదిలో కొవ్వొత్తుల ధర, మాటల పట్టికలు. సొంత చరిత్ర పుస్తకాలే వెయ్యికి పైన ఉండేవి. "యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ" (1937) కోసం, వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన సేనాని వెల్లింగ్టన్ స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి కొనుక్కుంది, ఆయన వాక్యం నడక పట్టుకోవడానికి. ఆ నవల్లో వెల్లింగ్టన్ నోట వచ్చే మాటలు ఆయన అన్నవో రాసినవో అయి ఉండాలని నియమం పెట్టుకుంది. అందులోని వాటర్లూ వర్ణనని సైనిక చరిత్ర చదివేవాళ్లూ మెచ్చుకున్నారు.

ఇదంతా కథలో ఎంత కనపడుతుంది? పదింట ఒక వంతు. నాయిక దుకాణంలో గజం ఎంత అని బేరమాడుతుంది, ఆ ధర సరిగ్గా ఉంటుంది, పేజీ తిరిగిపోతుంది. తరవాత వచ్చిన అనుకరణల్లో బోరు కొట్టేది ఇక్కడే, సేకరించినదంతా గుమ్మరిస్తారు. పెళ్లి భోజనంలో అన్ని కూరలూ ఒకేసారి ఆకులో వేసినట్టు.

#7 లెక్కల_మాస్టారు

నోట్‌బుక్కులు పట్టించిన దొంగతనం కూడా ఉంది. 1950లో ఒక పాఠకురాలు రాసింది, మీ పుస్తకాల్లోంచి ఇంకో ప్రసిద్ధ రచయిత్రి ఎత్తేస్తోందని. హేయర్ ఆ పుస్తకాలు తెప్పించుకుని పేర్లు, పదబంధాలు, సంఘటనలు వరసగా పట్టిక వేసి లాయరుకిచ్చింది. పట్టికలో బలమైన ఆధారం ఏమిటంటే ఒకానొక చారిత్రక వివరం. అది బజారులో దొరికే పుస్తకాల్లో లేదు, ఒక కుటుంబం సొంతానికి అచ్చువేయించుకున్న జ్ఞాపకాల్లోంచి ఈవిడ తీసుకున్నది. అవతలివాళ్లు సొంతంగా చదివి ఉంటే ఆ మాట వచ్చే వీల్లేదు. కోర్టు దాకా పోలేదు.

ఎవరైనా రీజెన్సీ యాస పట్టికలు హేయర్ నవలల్లోంచే తయారుచేస్తే జాగ్రత్త. కొన్ని ప్రయోగాలకి మూలం ఆవిడ దగ్గర మాత్రమే ఉండేది.

#8 చదువరి_గుంటూరు

బ్రహ్మాండం. మరి నవల ఏది? "సాంప్రదాయిక రీజెన్సీ" అని అట్టల మీద రాస్తారు, అది వేరే రకమా?

#9 సిరాబుడ్డి

అది అమెరికా ప్రచురణకర్తల చీటీ. హేయర్ వేసిన బాటలో నడిచిన చిన్న నవలలు, అరవై డెబ్బై వేల మాటల లోపు, నడిపేది సంభాషణ, హాస్యం, పడకగది తలుపు మూసే ఉంటుంది. సిగ్నెట్, జీబ్రా లాంటి సంస్థలు నెలనెలా వదిలేవి. 2005, 2006 నాటికి ఆ వరసలు ఆగిపోయాయి. శృంగారం పాలు ఎక్కువున్న పెద్ద చారిత్రక నవలలు ఆ చోటు ఆక్రమించాయి.

#10 అనువాదకురాలు

నవల విషయంలో నా ఓటు "ఎ సివిల్ కాంట్రాక్ట్" (1961). తండ్రి చేసిన అప్పుల కింద నలిగిపోతున్న ఆడమ్ డెవరిల్ ఎస్టేటు నిలబెట్టుకోవడానికి నగర వర్తకుడి కూతురు జెన్నీ చాలీని చేసుకుంటాడు. మనసు మటుకు అందగత్తె జూలియా మీద. ఆఖరికి జూలియా గాలికి కొట్టుకుపోయే మేఘమని, జెన్నీ ఇంటి దూలమని అతనికి తెలిసిరావడం కథ. కట్నం, పరువు, మామగారి డబ్బూ దర్పం, ఇవన్నీ తెలుగు పాఠకులకి విడమర్చక్కర్లేదు. చాలీ గారు అల్లుడింటికి ఖరీదైన వస్తువులు దింపే సన్నివేశాలైతే నేరుగా మన ఇళ్లలోవే.

#11 పాత_అట్ట

మంచి నవలే, కానీ మొదటిసారి చదివేవాళ్లకి ఆవిడ హాస్యం అందులో తక్కువ. నేనైతే "అరబెల్లా" (1949) అంటా. యార్క్‌షైర్ పల్లెటూరి చర్చి గురువు కూతురు, కోపంలో తానో సంపన్నురాలినని కోసేస్తుంది. ధనవంతుడు బోమారిస్ ఆ అబద్ధం పట్టేసి కూడా లండనంతా టముకు వేస్తాడు. ఆ పిల్ల పొగగొట్టాలు తుడిచే కుర్రాణ్ణి, తరవాత ఒక ఊరకుక్కని తెచ్చి ఆ సుకుమారుడి నెత్తిన పెడుతుంది. ఆ కుక్కతో అతను చెప్పుకునే కబుర్లు తెలుగులో పండుతాయి. యద్దనపూడి నవలల డబ్బున్న, మితభాషి నాయకుల్ని ఇష్టపడ్డవాళ్లకి బోమారిస్ కొత్తవాడేం కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ రచయిత్రి అతణ్ణి చూసి కూడా నవ్వుతుంది.

#12 లెక్కల_మాస్టారు

ఏది ఎంచుకున్నా డబ్బు లెక్క రాకపోతే కథ అర్థం కాదు.

12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు పౌండు, 21 షిల్లింగులు గినీ. గినీ నాణెం ఆఖరిసారి పోసింది 1814లో, సావరిన్ వచ్చింది 1817లో. ఆ తరవాత కూడా పందేలు, దర్జీ బిల్లులు గినీల్లోనే చెప్పుకునేవారు. "పదివేల పౌండ్ల పిల్ల" అంటే పెట్టెలో పదివేలు ఉన్నాయని కాదు. ఆ సొమ్ము ప్రభుత్వ రుణపత్రాల్లో ఉంటుంది, ఏటికి వడ్డీ ఐదు శాతం చొప్పున 500. మూడు శాతం పత్రాలకి ఐదు శాతం ఎలా వచ్చిందంటే, యుద్ధకాలంలో నూరు పౌండ్ల ముఖవిలువ పత్రం బజారులో అరవై చుట్టూ పలికేది. అరవై పెట్టి కొన్నవాడికి ఏటా మూడు వస్తే ఐదు శాతమే కదా.

"సివిల్ కాంట్రాక్ట్" ముగింపు మొత్తం ఈ కిటుకు మీదే ఉంది (కథ తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా దాటేయండి). వాటర్లూ ముందు, గెలుపు సంగతి తెలియక, లండన్‌లో పత్రాల ధర పడిపోతుంది. అమ్మేయమని మామ కబురు పెడతాడు. వెల్లింగ్టన్ కింద పోరాడిన ఆడమ్ ఆయన ఓడడని నమ్మి, అప్పుచేసి మరీ కొంటాడు. దాన్ని "షేర్లు కొన్నాడు" అని అనువదిస్తే తప్పు. కంపెనీ వాటాలు కావవి, సర్కారు బాకీ కాగితాలు. "ప్రభుత్వ పత్రాలు" చాలు.

పెళ్లి ఒప్పందం కూడా చూసుకోండి. ఆ రోజుల్లో పెళ్లైన స్త్రీ చరాస్తి చట్టం ప్రకారం భర్తదైపోయేది. సాధారణంగా ఆ పరిస్థితి మార్చిన చట్టం 1882లో గానీ రాలేదు. అందుకే పిల్ల తండ్రి ముందే దస్తావేజు రాయించి ధర్మకర్తల చేతిలో పెట్టేవాడు. ఏటా భార్య చేతిఖర్చుకి ఇంత, భర్త ముందు పోతే ఆమెకి ఏటా ఇంత, పిల్లలకి ఇంత. "స్త్రీధనం" అని తేలిగ్గా రాసేయొద్దు. మన స్త్రీధనం ఆమె సొంతం. అక్కడ సొంతం చేయడానికే అంత కాగితం కావాల్సి వచ్చింది.

#13 సిరాబుడ్డి

బిరుదులు! సగం అనువాదాలు ఇక్కడే చెడతాయి. ఆడమ్ డెవరిల్ తండ్రి పోయాక వైకౌంట్ (ఎర్ల్ కంటే ఒక మెట్టు కిందిది) లింటన్ అయ్యాడు. అతను "లార్డ్ లింటన్" మాత్రమే. "లార్డ్ ఆడమ్" కాదు, "లార్డ్ డెవరిల్" కాదు. జెన్నీ "లేడీ లింటన్", "లేడీ జెన్నీ" కాదు. సొంత పేరుకి ముందు లేడీ వచ్చేది డ్యూక్, మార్క్విస్, ఎర్ల్ కూతుళ్లకే. సొంత పేరుకి ముందు లార్డ్ వచ్చేది డ్యూక్, మార్క్విస్‌ల చిన్న కొడుకులకి. వైకౌంట్ చెల్లెలు మామూలు మిస్. బారొనెట్ (వంశపారంపర్యంగా సర్ అనిపించుకునేవాడు) అయితే "సర్" తరవాత సొంత పేరు రావాలి, అతని భార్యకి లేడీ తరవాత ఇంటిపేరు. బిరుదు వద్దని వదులుకునే వీలు 1963 దాకా లేదు. కాబట్టి ప్రేమ కోసం డ్యూక్ పదవిని త్యాగం చేసే సన్నివేశం కనబడితే అది హేయర్ రాసినది కాదని ఒట్టేసి చెప్పొచ్చు.

వీటిని "ప్రభువు", "దొరసాని" అని మార్చకండి. ఒకసారి మారిస్తే తేడాలన్నీ చెరిగిపోతాయి. లార్డ్, లేడీ, డ్యూక్ తెలుగులో అందరికీ తెలిసినవే.

#14 అనువాదకురాలు

నిజమైన తలనొప్పి బిరుదులు కాదండీ, "మీరు", "నువ్వు". ఇంగ్లీషులో ఒకటే మాట. అక్కడ దగ్గరితనం తెలిసేది పేరులో, మిస్ టాలంట్ అన్నవాడు అరబెల్లా అన్నాడంటే గుండె ఝల్లుమనాలి. తెలుగులో ఆ మలుపు సర్వనామంలో చూపించాలి, అది ఒక్కసారే జరగాలి, సరైన వాక్యంలో జరగాలి. ముందే పట్టిక వేసుకోవాలి. ఎవరు ఎవర్ని ఏమంటారు, ఏ అధ్యాయం నుంచి మారుతుంది అని. అన్నాచెల్లెళ్లు మొదటి నుంచీ నువ్వే. తల్లిదండ్రులకి మీరు. నౌకరు యజమానికి మీరు, ముసలి గుర్రాలవాడు చిన్నప్పట్నుంచి ఎత్తుకు పెంచిన దొరబాబుకి కూడా మీరే, కానీ గదమాయిస్తూ. భార్యాభర్తలు నలుగురిలో మీరు, గదిలో నువ్వు అనుకోవచ్చు. ఏ నియమమైనా సరే, పదో అధ్యాయంలో మరిచిపోకుండా ఉంటే చాలు.

#15 డాలస్_తెలుగు

యాస మాటల సంగతో? ఆవిడ నవలల్లో కుర్రకారు భాష ఇంగ్లీషువాళ్లకే సగం అర్థం కాదు.

#16 మూడో_ముద్రణ

అర్థం కాకపోయినా పోలిక వల్ల తెలిసిపోతుంది, అదే ఆవిడ నేర్పు. మూలాలు ముఖ్యంగా గ్రోస్ 1785లో వేసిన నీచభాషా నిఘంటువు, దాని 1811 కూర్పు, పియర్స్ ఈగన్ బాక్సింగు, లండన్ వీధుల రాతలు, ఆనాటి ఉత్తరాలు, జ్ఞాపకాలు.

మాటకి మాట వెతికితే చిక్కుపడతారు. అప్పుల్లో కూరుకుపోయినవాణ్ణి వాళ్లు "టిక్ నదిలో ఉన్నాడు" అంటారు, టిక్ అంటే అరువు. దానికి మనకి "పీకల్లోతు అప్పు" ఉండనే ఉంది. పెళ్లైనవాడికి కాలికి సంకెల వేశారంటారు, మనకి మెడకి గుదిబండ. నవ్వులపాలైతే తన్ను తాను కేకు చేసుకున్నాడంటారు. అక్కడ కేకు వదిలేయండి, దయచేసి. తాగినవాడికి వాళ్లకి ఇరవై మాటలుంటే మనకి తక్కువా? కిక్కెక్కడం, తూలడం, మత్తులో జోగడం, ఎంత తాగాడన్నదాన్ని బట్టి ఎంచుకోవచ్చు. కానీ 1950 తరవాత పుట్టిన సినిమా మాటలు వద్దు. "మందు కొట్టాడు" అన్నాక కర్రికిల్ బండి కాస్తా ఆటో అయిపోతుంది.

ఇంకో సంగతి, ఈ భాష మగకుర్రాళ్లది. ఆడపిల్ల నోట ఒక్క మాట జారితే గదిలో అందరూ ఉలిక్కిపడాలి. అనువాదంలో నాయిక కూడా మొదటి నుంచీ అదే ధోరణిలో మాట్లాడితే జోకు చచ్చిపోతుంది.

#17 డాలస్_తెలుగు

గుర్రాలవాళ్లకి, నౌకర్లకి తెలంగాణ యాసో, శ్రీకాకుళం యాసో పెడితే రంగు వస్తుంది కదా?

#18 అనువాదకురాలు

రాదు, వెగటు వస్తుంది. ఒక ప్రాంతపు మాటని పనివాళ్ల మాటగా చేసినట్టవుతుంది, పైగా హేయర్ బండివాడు ఏకంగా నల్గొండ నుంచి దిగినట్టుంటాడు. వాక్యం పొట్టిగా, సూటిగా, సామెతలతో ఉంటే చాలు. మాట తీరులోనే మనిషి తెలుస్తాడు.

#19 పాత_అట్ట

కాలం రంగు కావాలంటే గ్రాంథికం కూడా వద్దు. ఒక మంచి ఆధారం మనకే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. 1830, 31లో చేసిన ప్రయాణం, రీజెన్సీ ముగిసిన పదేళ్లకి. దారి, ధరలు, సామాను, బస, అన్నీ వాడుక మాటల్లో ఉంటాయి. అద్దె గుర్రాలు మార్చే చోటుకి నేను అక్కడి "మజిలీ" వాడతా. పది పదిహేను మైళ్లకి ఒక మజిలీ, కొత్త గుర్రాలు, టోల్ గేటు దగ్గర సుంకం. లేచిపోయిన జంటలు పెళ్లి చేసుకోడానికి పరుగెత్తే స్కాట్లాండ్ సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్ లండన్ నుంచి సుమారు 320 మైళ్లు. గంటకి ఎనిమిది, తొమ్మిది మైళ్లు లాగించినా రాత్రింబవళ్లు కలిపి ఒకటిన్నర రోజు. ఎవరైనా "పొద్దున బయల్దేరి సాయంత్రానికి పెళ్లి" అని రాస్తే నమ్మొద్దు.

బ్రౌన్ నిఘంటువు కూడా దగ్గర పెట్టుకోండి. ఆయన మద్రాసులో దిగింది 1817లో, సరిగ్గా రీజెన్సీ నడుమ. ఇంటి సామాను, బట్టల పాత మాటలు అందులో దొరుకుతాయి.

#20 చదువరి_గుంటూరు

గ్రెట్నాకి ఎందుకు పరుగెత్తాలి? స్పెషల్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది కదా, అన్ని నవలల్లో అదే కదా?

#21 లెక్కల_మాస్టారు

ఈ రెండూ కలిపేయకండి. 1753 వివాహ చట్టం ప్రకారం ఇంగ్లండులో మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించాలి, లేదా బిషప్ దగ్గర మామూలు లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుకి ఇద్దరిలో ఒకరు ఆ పారిష్‌లో (చర్చి పరిధిలో) నాలుగు వారాలు ఉండి ఉండాలి. పెళ్లి చర్చిలో, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు లోపు. ఇరవై ఒక్కటి నిండకపోతే లైసెన్సు పెళ్లికి తండ్రి అంగీకారం తప్పనిసరి. స్పెషల్ లైసెన్సు ఇచ్చేది ఒక్క కాంటర్‌బరీ ఆర్చిబిషప్. దాంతో ఎక్కడైనా, ఏ వేళైనా చేసుకోవచ్చు గానీ తండ్రి అంగీకారం బాధ మాత్రం తప్పదు. ఆ బాధ లేనిది స్కాట్లాండ్‌లోనే, సాక్షుల ముందు ఒప్పుకుంటే చాలు. అందుకే మైనరు పిల్లలు గ్రెట్నాకి, పెద్ద డబ్బున్నవాళ్లు ఆర్చిబిషప్ కచేరీకి. మీరు చదివిన నవలల్లో పద్దెనిమిదేళ్ల పిల్లని తండ్రికి తెలియకుండా స్పెషల్ లైసెన్సుతో చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు.

#22 సిరాబుడ్డి

ఇంకొన్ని తరచుగా పడే తప్పులు, గబగబా. అగ్గిపుల్ల 1826 తరవాతి వస్తువు, అంతకుముందు చెకుముకి పెట్టె. మగవాళ్ల చొక్కాకి కిందిదాకా గుండీలుండవు, తలమీంచి తొడుక్కునేది, కాబట్టి గుండీలు తెంచే ఆవేశాలు కుదరవు. ఉత్తరానికి కవరు వాడరు, కాగితం మడిచి లక్క వేస్తారు, ఎందుకంటే కాగితాల సంఖ్యనీ దూరాన్నీ బట్టి రుసుము, సాధారణంగా అది అందుకున్నవాడే కట్టాలి. అందుకే రాసిన పేజీ మీద అడ్డంగా మళ్లీ రాసేవారు. రాణిగారి దర్బారుకి వెళ్లే పిల్ల రొమ్ముల కింద నడుముండే గౌను మీదే పాతకాలపు వెదురుబుట్టలాంటి పావడా కట్టాలి, నాలుగో జార్జి వచ్చాక గానీ అది పోలేదు. చూడ్డానికి ఘోరంగా ఉండేది.

లండన్ పెద్దింటివాళ్లు నాట్యాలకి చేరే ఆల్మాక్స్ హాలు గురించి ప్రత్యేకంగా: బుధవారం రాత్రులు, పెద్దింటి ఆడవాళ్ల కమిటీ ఇచ్చిన వోచరు లేకుండా ప్రవేశం లేదు, పదకొండు దాటితే తలుపు మూసేస్తారు. అంతా చేసి లోపల పెట్టేది పలచని రొట్టెముక్కలు, వెన్న, ఎండు కేకు, టీ, నిమ్మరసం. అనువాదకులు ఉత్సాహంగా "విందు" అని రాస్తే ఆనాటివాళ్లు నవ్వుతారు.

#23 డాలస్_తెలుగు

మెచ్చుకోవడమేనా, లోపాలు లేవా? "ద గ్రాండ్ సోఫీ" (1950)లో వడ్డీవ్యాపారి సన్నివేశం యూదుల మీద పాత ద్వేషాన్ని అచ్చంగా దించేసింది. యుద్ధం ముగిసి ఐదేళ్లు తిరగ్గానే ఆ రాత! అనువదించేవాళ్లు ఏం చేయాలి?

#24 మూడో_ముద్రణ

లోపమే, సమర్థించడానికి లేదు. కొన్ని కొత్త ముద్రణల్లో ఆ భాగం మార్చారు కూడా. హక్కుదారు ఏ పాఠం ఇస్తే అదే అనువదించాలి, మీ అంతట మీరు కోసేయకూడదు. నచ్చకపోతే వేరే నవల తీసుకోండి.

ఇంకో పెద్ద ఖాళీ ఉంది. ఆ తొమ్మిదేళ్లలోనే మగ్గాలు విరగ్గొట్టిన లడ్డైట్లు, 1815 ధాన్యం చట్టం, ఎండ లేని 1816 వేసవి, 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో జనం మీదికి గుర్రపు సైనికుల్ని తోలిన పీటర్లూ. ఆవిడ డ్రాయింగు రూముల్లోకి ఇవి చాలా తక్కువగా వస్తాయి. "అరబెల్లా"లో పొగగొట్టాల కుర్రాడు వస్తాడు, అతన్ని చూసి ఒకరు జాలిపడతారు, అంతే. కుటుంబ లెక్కలు కూడా ఒకచోట తప్పాయి. "డెవిల్స్ కబ్" 1780 ప్రాంతపు కథ, దాని నాయకుడి మనవరాలు "ఇన్‌ఫేమస్ ఆర్మీ"లో 1815కి వితంతువై బ్రస్సెల్స్‌ని ఊపేస్తుంది. ముప్పయ్యైదేళ్లలో అది కుదిరే పని కాదు.

#25 పాత_అట్ట

బయటి ప్రపంచం "బ్లాక్ షీప్" (1966)లో కాస్త తొంగిచూస్తుంది. నాయకుడు కుర్రతనపు తప్పుకి ఇండియాకి తరిమేయబడి, డబ్బు చేసుకుని బాత్ ఊరికి తిరిగొస్తాడు. ఆ డబ్బు ఎలా వచ్చిందో ఆవిడ ఎక్కువ చెప్పదు. మనం అడగొచ్చు. ఆ నాయికలు కట్టుకున్న మస్లిన్, భుజాన వేసుకున్న కాశ్మీరు శాలువా, అంతకు ముందు తరం ఇళ్లలో వేలాడిన బందరు అద్దకం బట్ట, అన్నీ ఇటునుంచి వెళ్లినవే.

డబ్బు అంటే గుర్తొచ్చింది. ఆవిడ మనసు పెట్టి రాయాలనుకున్నది ఇంగ్లండు రాజుల లాంకాస్టర్ వంశం మీద మూడు సంపుటాల మధ్యయుగ నవల. పన్నుల బకాయిలు తరుముతుంటే దాన్ని పక్కనపెట్టి మళ్లీ మళ్లీ రీజెన్సీ రాసింది. మొదటి సంపుటం కూడా పూర్తవలేదు, రాసినంతవరకు "మై లార్డ్ జాన్" అని 1975లో, ఆవిడ పోయాక వచ్చింది. చదివితే బరువుగా ఉంటుంది. అడ్డుపడ్డ పన్నుల శాఖకి పాఠకులు రుణపడ్డారని నా అభిప్రాయం, తిట్టుకున్నా సరే.

#26 చదువరి_గుంటూరు

"అరబెల్లా"కే అనుమతి అడుగుదామని నిర్ణయం. మీరు/నువ్వు పట్టిక, బిరుదుల పట్టిక, డబ్బు పట్టిక ముందు తయారుచేసి ఇక్కడే పెడతా. బండ్ల పట్టిక మొదలైంది: ఫేటన్ నాలుగు చక్రాలు, గిగ్ రెండు చక్రాలు ఒక గుర్రం, కర్రికిల్ నాలుగు చక్రాలు రెండు గుర్రాలు, పోస్ట్ చెయిజ్ మూసిన అద్దె బండి.

#27 లెక్కల_మాస్టారు

కర్రికిల్‌కి రెండే చక్రాలు. గుర్రాలు రెండు, పక్కపక్కన. దిద్దుకోండి.